దేవుని లోగిలిలో రూకల బల్లలు

నాలుగు సువార్తలును ఏకకంఠముతో చెప్పు సంగతులు చాల లేవు. క్రీస్తు జననమును మత్తయి, లూకాలు మాత్రమే వర్ణించిరి. మంచి సమరయుని కథ లూకాలో తప్ప వేరొకచోట కానరాదు. కాని యెరూషలేము దేవాలయపు ప్రాంగణమునుండి ఆయన వర్తకులను వెడలగొట్టిన సంగతిని మత్తయి, మార్కు, లూకా, యోహాను నలుగురును వ్రాసిరి. మొదటి ముగ్గురు ఆ సంఘటనను ఆయన జీవితపు చివరి వారమున ఉంచగా, యోహాను దానిని ఆరంభముననే ఉంచినాడు. త్రాళ్లతో పేనిన కొరడా యోహాను గ్రంథముననే కలదు. ఎడ్లును గొఱ్ఱెలును అక్కడనే. శాంతమూర్తి యని మనము తలచు మహాపురుషుడు చేయి ఎత్తినది ఈ ఒక్క తావుననే. కనుక ఆ బల్లలమీద నిజముగా ఏమి జరుగుచుండెనో ముందుగా తెలిసికొనవలెను.

ఆ వర్తకులు మోసగాండ్రు గనుక ఆయనకు కోపము వచ్చెననుట సాధారణముగా వినవచ్చు వ్యాఖ్యానము. ఇది మనకు మిక్కిలి సుఖమైన వ్యాఖ్యానము. మనము మోసగాండ్రము కాము గదా యని చల్లగా ఇంటికి పోవచ్చును. కాని ఆ కాలపు యూదుల ఆచారములను స్మృతిగ్రంథమైన మిష్నాలో చూచినచో, కథ అంత సులభముగా తేలదు. ఇరువది యేండ్లు నిండిన ప్రతి యూదుడును ఏటేట దేవాలయపు ఖర్చునకు అరషెకెలు చెల్లించవలసి యుండెను. ఆ పన్ను తూరు పట్టణపు వెండి నాణెముల లెక్కన చెల్లవలెను. ఏలయన ఆ వెండి స్వచ్ఛమైనది. దూరదేశములనుండి వచ్చు యాత్రికుని మూటలో ఏ దేశపు నాణెములుండునో ఎవరికి తెలియును? అందుచేత అదారు మాసము పదునైదవ దినమున ఊళ్లలోను, ఇరువదియైదవ దినమున దేవాలయముననే బల్లలు వేసి నాణెములు మార్చుచుండిరి. మార్చినందుకు స్వల్పముగా వట్టము తీసికొనుచుండిరి. బలిపశువు ఏ కళంకమును లేనిది కావలెను. దానిని వారముల తరబడి తోలుకొని వచ్చుటకంటె అక్కడ కొనుక్కొనుటయే సుకరము. కాబట్టి ఆ బల్లలు యాత్రికునకు ఒక విధముగా ఉపకారమే. ఈనాటి కోశాధికారి ఎవరైన చూచినచో దానిని చక్కని వసతి యనియే మెచ్చుకొనియుండును.

మరి తప్పు ఎక్కడనున్నది? ఆ బల్లలు వేసిన చోటున నున్నది.

హేరోదు విస్తరింపజేసిన ఆ దేవాలయమునకు విశాలమైన వెలుపలి ముంగిలి యుండెను. దానిలోనికి ఎవరైనను రావచ్చును. అది దాటి లోనికి పోవుదారిలో ఒక రాతి అడ్డకట్టు. అన్యజాతివాడు దీనిని దాటినచో తన చావునకు తానే బాధ్యుడని దానిపై శాసనములు చెక్కియుండిరి. ఇది కట్టుకథ కాదు. గ్రీకుభాషలోనున్న అట్టి శాసనపు రాయి యొకటి 1871లో యెరూషలేమున దొరకినది. నేడు ఇస్తాంబులు పురావస్తు ప్రదర్శనశాలలో నున్నది. అనగా పరదేశికి, కొత్తగా భక్తి పుట్టిన అన్యునకు, దేవుని యింట మిగిలిన స్థలము ఆ వెలుపలి ముంగిలి యొక్కటే. వర్తకము జరుగుచుండినది ఆ ముంగిటనే యని పండితులలో పెక్కుమంది అభిప్రాయము. పరదేశి వచ్చి కన్నులు మూసికొని నిలుచుండవలసిన తావున ఎడ్ల రంకెలు, నాణెముల గలగల, బేరముల గోల. దేవుని మందిరము ప్రార్థన కొరకని యెషయా ప్రవక్త చెప్పిన మాటను యేసు అక్కడ ఎత్తి చూపినట్లు మువ్వురు సువార్తికులు వ్రాసిరి. అది సకల జాతులవారి కొరకు అను భాగమును మాత్రము మార్కు ఒక్కడే విడువక నిలిపినాడు. లోనివారికి లోపల చోటున్నది గనుక వెలుపలి రణగొణధ్వని వారికి వినబడలేదు. ఈ సంగతిని శ్రోతలు మనస్సులో నుంచుకొనవలెనని కోరుచున్నాను.

గువ్వలమ్మువారి సంగతి మరియొకటి. ప్రసవించిన స్త్రీ శుద్ధి కొరకు గొఱ్ఱెపిల్లను తేవలెననియు, అంత శక్తి లేనిదైనచో రెండు గువ్వలను గాని పావురపు పిల్లలను గాని తెచ్చినను చాలుననియు లేవీయకాండమున విధి కలదు. కన్య మరియ తెచ్చినది ఈ పేదల అర్పణయే యని లూకా వ్రాసినాడు. కాబట్టి గువ్వల పీట యనగా పేదలు తప్పక పోవలసిన అంగడి. యెరూషలేమున ఒకమారు గువ్వల జత వెల బంగారు దేనారముల వరకు ఎగబ్రాకినదట. ఒక బంగారు దేనారము ఇరువదియైదు వెండి దేనారములకు సమానము. గమలియేలు కుమారుడైన షిమ్యోను అను ధర్మవేత్త అది విని, ఈ రాత్రి వెల దిగనిదే నేను నిద్రపోనని ఆ మందిరముమీద ఒట్టు పెట్టుకొనెను. వెంటనే న్యాయసభకు పోయి, అయిదు కాన్పుల స్త్రీ యైనను ఒక్క అర్పణ తెచ్చినచో చాలునని తీర్పు చెప్పెను. ఆనాడే గువ్వల వెల వెండి దేనారములో కొద్ది పాలునకు పడిపోయినది. ఈ వృత్తాంతము మిష్నాలోనిది. క్రైస్తవులు వ్రాసినది కాదు. దేవాలయపు బేరము పేదరాలి గొంతుమీద కూర్చుండునని ఆ మతమునందలి ధర్మాత్ములే గ్రహించియుండిరి. ఒకరు బల్లలు పడద్రోసిరి. మరియొకరు తీర్పు చెప్పిరి. మార్గములు వేరు గాని మంట యొక్కటే.

క్రైస్తవులకు తొలి మూడు శతాబ్దులు గొప్ప మందిరములు లేవు. చాలవరకు ఇండ్లలో కూడుకొనుచుండిరి. అయినను ధనము అవసరమయ్యెను. యెరూషలేములోని బీదల కొరకు పౌలు చందా ప్రోగుచేయవలసి వచ్చెను. అతడు కొరింథువారికి వ్రాసిన మొదటి లేఖ చివర చేసిన ఏర్పాటు మిక్కిలి గమనింపదగినది. ప్రతి ఆదివారమును ఎవరి యింట వారు తమ రాబడి కొలది కొంత తీసి దాచుకొనవలెను; తాను వచ్చిన తరువాత వసూళ్లు జరుగగూడదు. వక్త వచ్చినప్పుడే జోలె పట్టినచో ఎక్కువ రాలునని అతనికి తెలియకపోలేదు. అది వలదనియే వ్రాసినాడు.

క్రీస్తుశకము 155 ప్రాంతమున జస్టిను అను తత్త్వవేత్త రోము చక్రవర్తికి అంకితముగా వ్రాసిన విజ్ఞాపనమున, ఇష్టమున్నవారు ఇష్టమైనంత ఇత్తురనియు, అది అధ్యక్షుని వద్ద చేరి అనాథలకు, విధవలకు, రోగులకు, చెరసాలలోని వారికి, పరదేశులకు పోవుననియు వర్ణించినాడు. నలుబది యేండ్ల తరువాత ఉత్తరాఫ్రికాలోని కార్తేజి పట్టణపు టెర్టూలియను, మాకును పెట్టె యున్నది గాని అందులోనిది మతమునకు కట్టిన వెల కాదని ఒకింత పౌరుషముగనే ప్రకటించినాడు. ఈ వెల యను మాట యొద్దనే మన చర్చ అంతయు తిరుగుచున్నది. కానుక వేరు, వెల వేరు. కానుక యిచ్చినవాడును ఈయనివాడును ఒకే చాపమీద కూర్చుందురు. వెల యున్నచోట అట్లు కాదు.

తరువాతి చరిత్రలో వెల ఎట్లు మరల జొరబడినదో చూచినచో నవ్వును వచ్చును, దుఃఖమును వచ్చును. లండనులో 1666 నాటి మహాగ్నికి ఆహుతియైన పాత సెయింట్ పాల్ మహామందిరము ఒక చక్కని ఉదాహరణము. ఆ మందిరపు నడిమి భాగమునకు జనులు పెట్టిన పేరు పాల్ వారి నడక. అక్కడ న్యాయవాదులు కక్షిదారులను కలిసికొనుచుండిరి; నౌకరీ లేనివారు నౌకరీ కొరకు నిలుచుండిరి; ఊరిలోని వార్తలన్నియు అక్కడనే పుట్టుచుండెను. ఒక వీధినుండి మరియొక వీధికి అడ్డదారి గనుక మోతలవారు మందిరము నడుమనుండియే పోవుచుండిరి. సారాయి పీపాలు, రొట్టెల గంపలు, చేపలు, మాంసము, పండ్లు మోసికొని పోరాదనియు, గుఱ్ఱములను కంచరగాడిదలను నడిపింపరాదనియు 1554లో నగరపాలకులు ప్రత్యేక శాసనము చేయవలసి వచ్చెను. దేవాలయముగుండ ఎవరును సామాను మోసికొని పోనీయలేదని మార్కు వ్రాసిన చిన్న వాక్యమునకు పదునైదు వందల యేండ్ల తరువాత ఇట్టి భాష్యము కావలసి వచ్చినది! ఆ కాలముననే డర్హాము బిషప్పు పిల్కింగ్టన్ ఆ మందిరపు ఏ మూల ఏ వ్యాపారమునకు నెలవో వరుసగా చెప్పుచు, బాప్తిస్మపు తొట్టి సొమ్ము చెల్లింపుల స్థానమైనదని వాపోయినాడు. 1569లో ఆంగ్లదేశపు మొట్టమొదటి రాజకీయ లాటరీని తీసినది కూడ ఆ మందిరపు పడమటి వాకిటనే. రేవుల మరమ్మతు కొరకు గనుక ఉద్దేశ్యము మంచిదే. ఉద్దేశ్యము మంచిది కాని వసూలు నేను వినలేదు.

పాపక్షమాపణ పత్రముల కథ శ్రోతలలో పెక్కుమందికి తెలిసినదే గనుక దానిపై ఎక్కువసేపు నిలువను. రోములో సెయింట్ పీటర్ మందిరము కట్టవలెను. మైంజు ఆర్చిబిషప్పు ఆల్బర్టు తన పదవి కొరకు ఫుగ్గరు వర్తకుల వద్ద చేసిన అప్పు తీర్చవలెను. వసూళ్లలో సగము అందుకు, సగము ఇందుకు. పెట్టె వెంట షావుకారు గుమాస్తా నడచుచుండెను. 1517 అక్టోబరు 31న లూథరు తన తొంబదియైదు వాదములను వెలువరించుటకు తక్షణకారణమిది. లూథరు తిరుగుబాటును మనము చెప్పుకొందుము గాని, రోము సంఘము కూడ 1562లో ట్రెంటు మహాసభయందు ఆ వసూలుదార్ల పదవిని పేరుతో సహా రద్దుచేసిన సంగతిని చెప్పుకొనము. న్యాయము కొరకు అదియు చెప్పవలెను.

అయితే సంస్కరణము జరిగిన సంఘములలో వెల లేకపోయెనని తలపవలదు. అది వేషము మార్చుకొనెను. ఇంగ్లండులోను అమెరికాలోను పందొమ్మిదవ శతాబ్దమున ఆరాధనలో కూర్చుండు బెంచీలకు అద్దె వసూలు చేయుట సామాన్యమైన ఆచారము. ముందు వరుసకు ఎక్కువ అద్దె, వెనుకకు తక్కువ. కొన్ని బెంచీలకు తలుపులును, తాళములును కూడ నుండెను. అద్దె కట్టలేనివారికి ప్రక్క నడవలోనో, వెనుకనో ఉచితస్థలములు. వాటర్లూ యుద్ధము ముగిసిన కొన్ని యేండ్లకు, 1818లో, బ్రిటిషు పార్లమెంటు కొత్త చర్చీలకై పది లక్షల పౌనులు మంజూరు చేసినప్పుడు సహితము, కొన్ని ఆసనములు పేదలకు ఉచితముగా ఉంచవలెనని చట్టమున వ్రాయవలసి వచ్చెను. వ్రాయనిచో ఉంచరని గదా దాని అర్థము! బంగారు ఉంగరము పెట్టుకొని వచ్చినవానికి మంచి పీట వేసి, మాసిన బట్టలవానిని నిలువుమనుట తగునా యని యాకోబు పత్రికలో స్పష్టముగా ప్రశ్నించియుండగా, అదే పత్రికను తాళము వేసిన బెంచీలలో కూర్చుండి చదువుకొనిరి. పేదలు చర్చీకి రావడము మానివేసిరని పెద్దలు విచారించిరి. కారణము వారి యెదుటనే తలుపులు వేసికొని కూర్చుండెను. 1866లో ఈ అద్దెలను తొలగించుటకే లండనులో ఒక సంఘము ఏర్పడి, చాలకాలము పోరాడినది. చర్చీ ఖర్చు ఎట్లు గడచునని అద్దెల పక్షమువారు అడిగినారు. స్వేచ్ఛగా ఇచ్చు కానుకలతో గడచునని వీరు బదులు చెప్పినారు. క్రమక్రమముగా వీరి మాటయే నెగ్గినది.

ఆ ప్రశ్న మాత్రము నేటికిని సజీవముగనే యున్నది. చర్చీ ఖర్చు ఎట్లు గడచును? పారిసులోని నోత్రదాము మహామందిరము 2019 ఏప్రిలు 15న అగ్నిప్రమాదమునకు గురియైనది. దాని జీర్ణోద్ధారణకు నూటయేబది దేశములనుండి 80 కోట్ల యూరోలకు పైగా విరాళములు వచ్చినవి. 2024 డిసెంబరులో తిరిగి తెరచుటకు కొలది వారముల ముందు, సందర్శకుల వద్ద తలకు అయిదు యూరోల రుసుము తీసికొని ఆ సొమ్ముతో దేశములోని శిథిల మందిరములను బాగుచేయవచ్చునని ఫ్రెంచి సాంస్కృతిక శాఖ మంత్రి ప్రతిపాదించినారు. లెక్కకు ఎంత ముచ్చటగా నున్నది! మందిరపు అధికారులు మాత్రము ఒప్పుకొనలేదు. 1905 నాటి ఫ్రెంచి చట్టము అట్టి రుసుమును నిషేధించుచున్నదన్నది ఒక కారణము. యాత్రికుడెవరో, భక్తుడెవరో వాకిట నిలిచి తేల్చుట ఎవరి తరము అన్నది అంతకన్న లోతైన కారణము. చూచిపోవుటకు వచ్చినవాడు మోకరించవచ్చును. టికెట్టు కిటికీ ఆ అవకాశమును ముందుగనే రెండు ముక్కలు చేయును. లండనులోని వెస్ట్‌మినిస్టరు అబ్బేయందు సందర్శకులకు రుసుము కలదు, ఆరాధనకు వచ్చువారికి లేదు. ఆ కట్టడముల పోషణకగు వ్యయమును తలచినచో వారిని నిందించుటకు నోరాడదు. అయినను నోత్రదామువారి తెగువయే నాకు నచ్చినది.

రోమను కతోలిక సంఘపు 1983 నాటి ధర్మశాస్త్రమున పవిత్ర కార్యములు జరుగు వేళ మందిర ప్రవేశము ఉచితముగా నుండవలెనని ఒక సూత్రము. పూజార్పణకిచ్చు కానుకలయందు వ్యాపారపు ఛాయయైనను ఉండరాదని మరియొకటి. పేదరికము కారణముగా ఎవరును సంస్కారములకు దూరము కారాదని వేరొకటి. దివంగతుడైన పోపు ఫ్రాన్సిసు 2018 మార్చి 7న తన బహిరంగ ప్రసంగములో పూజకు వెల లేదని, ఇష్టమున్నచో కానుక ఈయవచ్చునని జనులకు విప్పి చెప్పవలసి వచ్చినది. సూత్రము వ్రాసిన ముప్పదియైదేండ్లకు కూడ అది చెప్పవలసి వచ్చినదనగా, రేట్ల పట్టికలు కొన్ని గోడలమీద వ్రేలాడుచునే యుండెనన్నమాట.

ఇక మన తెలుగు సంఘముల వంక చూతము. కోత పండుగ ఎరుగని క్రైస్తవ కుటుంబము మన పల్లెలలో అరుదు. పంటయింటికి వచ్చిన తరువాత ఒక ఆదివారమున ఎవరికి కలిగినది వారు తెత్తురు. బియ్యపు బస్తా తెచ్చువాడు తెచ్చును. ఆనపకాయ, గుమ్మడికాయ, కొబ్బరికాయ, కాళ్లు కట్టిన కోడిపుంజు, చెరకు గడలు పీఠము ముందు పోగుపడును. ఇంతకన్న రమ్యమైన కానుక నేనెరుగను. చేత రూపాయి లేనివాడు కూడ ఆనాడు దాత. ఇంతవరకు ఎవరికిని అభ్యంతరము లేదు. తరువాత వేలము వచ్చును. వేలము కూడ చెడ్డది కాదు, సరదా గలది. కాని చాలచోట్ల ఆశీర్వాదమునకు ముందే, మందిరములోపలనే, పీఠమునకు ఎదురుగనే పాట మొదలగును. ముసలమ్మ కొంగున కట్టుకొని తెచ్చిన కోడిగ్రుడ్డును ఒకరు నూరు రూపాయలకు పాడి మరల ఇచ్చివేయుదురు. మరియొకరు రెండువందలకు పాడుదురు. అట్లు ఆ గ్రుడ్డు వేలకు ఎక్కును. చప్పట్లు మ్రోగును. చప్పట్లన్నియు పాడినవారికి పోవును. గ్రుడ్డు తెచ్చిన ముసలమ్మ ఎక్కడ కూర్చున్నదో ఎవరును చూడరు. ఆమె తెచ్చినది అర్పణ. దానిని మనము ఆమె కన్నుల ముందే సరకుగా మార్చితిమి.

కోశాధికారిగారి పక్షమును కూడ వినవలెను. వేలము తీసివేసినచో కారుచున్న కప్పునకు పెంకులు ఎవరు తెత్తురు, అయ్యగారి జీతము ఎట్లు వచ్చును అని వారు అడుగుదురు. విదేశ మిషనులనుండి సొమ్ము వచ్చు రోజులు గతించిన పిమ్మట మన సంఘములు తమ కాళ్లమీద తాము నిలువవలసి వచ్చినవి. అది మంచిదే గాని తేలిక కాదు. వేలము మానవలెనని నేను చెప్పుటలేదు. ఆశీర్వాదము అయిన తరువాత, వెలుపల చెట్టుక్రింద జరుపుకొనవచ్చును. అక్కడ ఎంత పాడినను ఎవరి ప్రార్థనకు అడ్డు? ధర కూడ తగ్గదు. పుస్తకముల బల్ల, క్యాలెండర్ల బల్ల వరండాలోనో ప్రహరీ వద్దనో ఉన్నచో నాకు పేచీ లేదు. ప్రసంగ వేదికనుండి వాటి వెల ప్రకటించుట మాత్రము తగదు. దాతల పేర్లు, మొత్తములు చదివి వినిపించుటయు అట్టిదే. పదివేలు అని విన్నవెంటనే పది రూపాయలు తెచ్చినవాని చేయి జేబులోనే ఆగిపోవును. ఈమధ్య కొన్నిచోట్ల పీఠమునకు ప్రక్కనే ఫోనుతో చెల్లించుటకు క్యూఆర్ కోడు అతికించుచున్నారు. అదియు వాకిటనుండవచ్చును. లోపల కనులు నిలుపుకొనుటకు వేరే గురుతులున్నవి గదా!

వీటన్నిటికంటె బాధాకరమైనది సంఘచందా బాకీ. బాకీ యున్న కుటుంబమున పెండ్లియో, చావో వచ్చినప్పుడు పద్దు పుస్తకము తెరచి బాకీ తీర్చినగాని గంట కొట్టమనుటయు, సమాధితోటలో చోటు లేదనుటయు, అట్టి తగవులు విననివారు మనలో తక్కువ. సభ్యత్వమునకు నియమములు కావలెను, కాదనను. కాని శవము వాకిట నుండగా లెక్క చూచుట రూకలు మార్చు బల్లకంటె ఎక్కువ కఠినము. ఆ బల్ల యొద్ద బ్రతికియున్నవాడు బేరమాడుకొనగలడు.

సొమ్ము ఎట్లు కూడవలెనను దానికి మనవద్దనే మంచి సమాధానమున్నది. మిజోరాము స్త్రీలు 1910లో ఒక ఆచారము ప్రారంభించిరి. వంటకు బియ్యము తీయునప్పుడెల్ల పిడికెడు వేరుగా తీసి ఒక పాత్రలో వేయుదురు. వారము చివర అది సంఘమునకు చేరును. నిరుపేదల కొండప్రాంతమున ఆ పిడికెడు బియ్యమే కాలక్రమమున సంఘపు ముఖ్యాదాయములలో నొకటి యైనది. మన తెలుగు పల్లెలలోను, దక్షిణాదిన పలుచోట్లను ఈ పిడికెడు బియ్యము వాడుక యున్నది. 1912లో ఆంగ్లికను సంఘమున మొదటి భారతీయ బిషప్పుగా అభిషిక్తుడై దోర్నకలు మండలమును నడపిన అజరయ్యగారు కూలినాలి జనములకు ఈవి నేర్పుటయే వారిని గౌరవించుట యని నమ్మినవారు. ఆ విషయముపై ప్రత్యేకముగా పుస్తకమే వ్రాసిరి. పేదలు ఈయలేరన్న జాలి వారికి నచ్చలేదు. పిడికెడు బియ్యములోని విశేషమేమనగా, వసూలు పొయ్యి ప్రక్కన జరుగును, మందిరమున జరుగదు. పౌలు కొరింథువారికి చెప్పినదియు అదే గదా! ఎవరు ఎంత వేసిరో కుండకు తప్ప తెలియదు.

మెదకు మహామందిరము సంగతి కూడ ఇక్కడ స్మరింపదగినది. కరవు రోజులలో పాస్నెటు దొరగారు అన్నమునకై వచ్చినవారికి పని కల్పించి ఆ కట్టడమును సాగించినారు. 1924 డిసెంబరు 25న అది ప్రతిష్ఠింపబడినది. పేదల చేతినుండి రూకలు లాగి కట్టినది కాదు. పేదల నోటికి అన్నము పెట్టి కట్టినది. ఇప్పుడు క్రిస్మసునాడు అన్ని మతములవారును అక్కడికి వత్తురు. ఆనాడు ఆ ఆవరణలో కన్నులు మూసి నిలుచుండు వేరుమతపు తల్లిని చూచినప్పుడు నాకు యెరూషలేము వెలుపలి ముంగిలియే తోచును. ఆమెకు నిలుచుటకు నిశ్శబ్దముగల ఒక గజము నేల మిగిలినదా లేదా యన్నదియే నేను చూచు లెక్క.

యెరూషలేము దేవాలయముననే, ఆ బల్లలకు ఎంతో దూరములో కాక, మరి రెండు ఏర్పాట్లుండెనని మిష్నా చెప్పుచున్నది. ఒకటి బూరల ఆకారమున నున్న పదుమూడు కానుక పెట్టెలు. బీద విధవ రెండు కాసులు వేయుట యేసు చూచినది కానుకపెట్టెల యెదుట కూర్చుండియే. రెండవది రహస్యపు గది యని పేరుగలది. దైవభీతి గలవారు గుట్టుగా అందులోనికి పోయి తమ కానుక ఉంచి వచ్చుచుండిరి. చితికిపోయిన మంచి కుటుంబములవారు అంతే గుట్టుగా పోయి తమకు కావలసినది తీసికొని వచ్చుచుండిరి. గది యొక్కటే, వాకిలి యొక్కటే. ఆ వాకిటినుండి వెలికి వచ్చువానిని చూచి ఇతడు పెట్టినవాడో, పుచ్చుకొన్నవాడో చెప్పుట ఎవరికిని సాధ్యము కాకుండెను.